పిల్లల్ని ఆటలకి పంపడం: గోదావరి డెల్టా తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోని జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. పిల్లలకి మాత్రం డ్రిల్లు మాస్టారినే. రిటైరయ్యాక కూడా సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు గ్రౌండు వైపే నడుస్తాయి. బడి గేటు దగ్గర, బస్టాండులో, పెళ్ళి భోజనాల బంతిలో తల్లిదండ్రులు నన్ను ఆపి అడిగిన ప్రశ్నలివి. నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతున్నాను.

వీధిలో రోజూ ఆడుతూనే ఉన్నాడు కదండీ, మళ్ళీ జట్టూ ప్రాక్టీసూ ఎందుకు?

వీధి ఆట మానిపించకండి. దాని రుచి దానిదే. కానీ ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ ఆటని గమనించండి. బ్యాటు ఎవరిదైతే వాడిదే మొదటి బ్యాటింగు. పెద్దవాళ్ళు ఆడుతుంటే చిన్నవాడు కాలవలో పడ్డ బంతి తెచ్చే పనిలోనే ఉంటాడు. ఆడపిల్ల పదేళ్ళు దాటాక ఆ గుంపులో కనపడదు. అవుటా కాదా అని గొడవొస్తే బ్యాటు గలవాడు ఇంటికెళ్ళిపోతాడు, ఆట అయిపోతుంది.

పద్ధతిగా నడిచే ఆటలో నలుగురికీ వంతు ఉంటుంది. టైము ఉంటుంది. గొడవొస్తే తీర్చే పెద్దమనిషి ఒకరుంటారు, ఆయన మాట నచ్చకపోయినా ఆట సాగుతుంది. కబడ్డీ చూడండి. కూతకి వెళ్ళినవాడికి ముప్పై సెకన్లే. అవుటైనవాడు గీత బయట కూర్చుంటాడు, తన జట్టువాడు ఎదుటివాళ్ళలో ఒకడిని అవుట్ చేస్తే మళ్ళీ లేచి లోపలికొస్తాడు. తన మళ్ళీ రాక ఇంకొకడి శ్రమ మీద ఆధారపడి ఉందని పదకొండేళ్ళ పిల్లాడికి పాఠం చెప్పి ఒప్పించలేం. కబడ్డీలో వారం తిరక్కుండా వాడికది తెలిసిపోతుంది. బంతులు తెచ్చే పిల్లాడిగానే మా బడికి వచ్చి, జట్టులో ఒక చోటు దొరికాక క్లాసులో కూడా చెయ్యెత్తి మాట్లాడడం మొదలెట్టిన పిల్లలు నాకు చాలామంది గుర్తున్నారు. నేను ఈ పని అన్నేళ్ళు ఇష్టంగా చేసింది వాళ్ళ కోసమే.

ఆటల్లో పడితే చదువు పాడైపోదా మాస్టారూ? వచ్చే ఏడు టెన్తు.

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఆడితే మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. రోజుకో గంట ఆట మాన్పిస్తే ఆ గంట చదువుకి చేరుతుందని మాత్రం అనుకోకండి. నేను చూసినంతలో అది ఫోనుకి చేరుతుంది, లేదా కాలవ వంతెన మీద కబుర్లకి చేరుతుంది.

ఒక సంగతి చెబుతాను. వాలీబాల్ బాగా ఆడే పిల్లాణ్ణి పదో తరగతి మొదలవ్వగానే వాళ్ళ నాన్న గ్రౌండు మాన్పించారు. ఆయనది రొయ్యల చెరువుల పని, పిల్లాడు తనలా కష్టపడకూడదని ఆశ. తప్పేం కాదు. సంక్రాంతి సెలవుల ముందు ఆయనే నా దగ్గరికొచ్చారు. పుస్తకం ముందు కూర్చుంటాడు గానీ కదలడు, రాత్రి పదకొండైనా నిద్రపోడు, ఏమన్నా అంటే విరుచుకుపడతాడు అన్నారు. సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు పంపండి, ఆరుంపావుకి ఇంట్లో ఉండే బాధ్యత నాది అన్నాను. ఆ పిల్లాడు ఒళ్ళు అలిసి తొమ్మిదిన్నరకి పడుకుని, ఐదుకి లేచి చదువుకున్నాడు. పాసయ్యాడు. గొప్ప ర్యాంకేమీ రాలేదు, రావాలని నేనూ అనలేదు.

ఆటకి నియమిత టైము ఉన్న పిల్లాడికి చదువుకీ టైము కట్టుకోవడం వస్తుంది. పరీక్షలకి ముందు నెలలో ప్రాక్టీసు సగానికి తగ్గించండి, పూర్తిగా ఆపకండి. టోర్నమెంటుకని నాలుగు రోజులు బడి పోతే ఆ నోట్సు ఎవరి దగ్గర తీసుకోవాలో ముందే మాట్లాడిపెట్టండి. కోచ్ చదువుని తేలిగ్గా తీసేస్తూ మాట్లాడితే ఆ కోచ్‌ని మార్చండి.

ఇంటరు హాస్టళ్ళ సంగతి నాకు బాధ కలిగిస్తుంది. పదిహేనేళ్ళ పిల్లల్ని పొద్దున ఐదు నుంచి రాత్రి పది వరకు కూర్చోబెట్టే చోట గ్రౌండే ఉండదు. చేర్చే ముందు మెస్సు చూస్తారు, బాత్రూములు చూస్తారు. పిల్లలు పరిగెత్తే చోటేదో కూడా చూపించమనండి. అడిగేవాళ్ళు పదిమందైతే వాళ్ళూ ఆలోచిస్తారు.

ఒంటికి అంత అవసరమా? మన పిల్లలు సైకిలు తొక్కుతూనే ఉంటారు.

తొక్కేవారు. ఇప్పుడు ఆటోలు, స్కూలు బస్సులు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు చెమట పట్టే కదలిక ఉండాలంటుంది. అందులో వారానికి మూడు రోజులైనా కండకీ ఎముకకీ బలమిచ్చే గెంతులు, పరుగులు, ఎగరడాలు ఉండాలి. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక కూడా లేదు. మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం.

ఎముక విషయం చాలామందికి తెలియదు. మనిషికి జీవితమంతా సరిపోవాల్సిన ఎముక బలంలో చాలా భాగం ఇరవై ఏళ్ళలోపే కూడుతుంది. ఎగిరి నేల మీద దిగిన ప్రతిసారీ ఎముక మీద పడే ఒత్తిడే దాన్ని గట్టిపరుస్తుంది. మా తరం ఆడవాళ్ళు యాభై దాటగానే మోకాళ్ళు, నడుము పట్టుకుంటున్నారు. చిన్నప్పుడు గెంతనివ్వకపోవడం కూడా దానికో కారణం కావచ్చు. మన ఇళ్ళలో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాలి. మూడు పూటలా తెల్లన్నం తినే నేల మనది. ఒంట్లోకి చేరిన చక్కెరని వాడుకోవడం కండకి అలవాటు చేసేది కదలికే. అమ్మానాన్నలకి షుగరుంటే పిల్లల్ని ఆడించడం ఇంకా అవసరం.

ఎన్నో ఏట మొదలుపెట్టాలి? ఒకే ఆట పట్టుకోవాలా?

ఆరేడేళ్ళకి పరుగు, గెంతు, బంతి విసరడం, పట్టడం వస్తే చాలు. తొమ్మిది పదేళ్ళకి నియమాలున్న ఆటలు అర్థమవుతాయి. ఒకే ఆట మీద కూర్చోబెట్టడం పదిహేను దాకా ఆగొచ్చని పిల్లల వైద్యులు చెబుతున్నారు, నా అనుభవమూ అదే. ఖోఖో ఆడిన కాళ్ళు కబడ్డీకి పనికొస్తాయి. వాలీబాల్ ఆడిన భుజం బ్యాడ్మింటన్‌కి పనికొస్తుంది. పదేళ్ళప్పటి నుంచి ఏడాదంతా ఫాస్ట్ బౌలింగే చేసిన పిల్లాడి నడుము మాత్రం పదహారేళ్ళకే మొరాయిస్తుంది.

లెక్క తేలికగా గుర్తుండాలంటే, వయసు ఎన్నేళ్ళో వారానికి అన్ని గంటలకి మించి పద్ధతైన ప్రాక్టీసు వద్దు. పన్నెండేళ్ళ పిల్లకి పన్నెండు గంటలు. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి.

మావాడు లావు, వాడేం ఆడతాడు?

కబడ్డీలో పట్టుకి, షాట్‌పుట్‌కి, వెయిట్‌లిఫ్టింగ్‌కి ఆ ఒళ్ళే ఆస్తి. బక్కపిల్లలకి ఖోఖో, పరుగు. పొట్టివాళ్ళకి వాలీబాల్‌లో వెనక వరసలో నేలకి తగలబోయే బంతులు తీసే పని. గ్రౌండులో పిల్లల్ని ఒంటి ఆకారం పేరుతో పిలవనివ్వకూడదు. కోచ్ పిలిచినా ఊరుకోకండి. ఆ ఒక్క మాటకే ఆట మానేసిన పిల్లలున్నారు.

ఓడిపోతే రెండ్రోజులు అన్నం తినదు. ఇంత చిన్న మనసుకి పోటీ అవసరమా?

మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఓటమిని చిన్నచిన్న మోతాదుల్లో, పక్కన మనుషులుండగా రుచి చూసే చోటు పిల్లలకి ఇంకెక్కడుంది? పరీక్షలో తప్పితే పిల్ల ఒంటరి. మ్యాచ్ పోతే పక్కన పదకొండు మంది ఉంటారు, మంగళవారం మళ్ళీ ప్రాక్టీసు ఉంటుంది. ఇంటరు ఫలితాలు వచ్చే రోజుల్లో పేపరు తెరవాలంటే నాకు గుండె జారిపోతుంది. పదిసార్లు ఓడి పదకొండోసారి గ్రౌండుకి వచ్చిన పిల్లకి ఒక ఫలితం జీవితమంతా కాదని ఒంటికే తెలుస్తుందని నా నమ్మకం.

మన అమలాపురం పిల్లాడు, బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి సంగతి పిల్లలకి చెప్పండి. అయితే అందరూ చెప్పే పతకాల దగ్గర మొదలెట్టకండి. టోక్యో ఒలింపిక్స్‌లో సాత్విక్, చిరాగ్ శెట్టి జంట గ్రూపులో మూడు మ్యాచుల్లో రెండు గెలిచి కూడా ముందుకి వెళ్ళలేకపోయింది. మరుసటి ఏడు, 2022లో, భారత జట్టు తొలిసారి థామస్ కప్ (మగవాళ్ళ బ్యాడ్మింటన్ జట్ల ప్రపంచ పోటీ) గెలిచినప్పుడు ఆ జట్టులో వాళ్ళున్నారు. కామన్వెల్త్ క్రీడల్లో బంగారం తెచ్చారు. 2023లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానానికి చేరారు. సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డు అయింది. 2024లో పారిస్‌లో మళ్ళీ క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయారు. ఓటమి, గెలుపు, మళ్ళీ ఓటమి. ఆ క్రమంలోనే చెప్పండి.

కాకినాడలో పుట్టిన క్రికెటర్ హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 పరుగులు చేశాడు. అశ్విన్‌తో కలిసి చివరి వరకు నిలబడి ఆ మ్యాచ్‌ని డ్రా చేశాడు. గెలవకపోయినా నిలబడడం ఎలా ఉంటుందో చూపించడానికి ఆ రోజు ఆట చాలు.

ఇంటికొచ్చిన పిల్లని "గెలిచావా?" అని కాకుండా "ఎలా ఆడావు?" అని అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. అన్నం మాత్రం పక్కన కూర్చుని తినిపించండి.

ఆడపిల్లని గ్రౌండుకి పంపాలంటే భయమండీ. నలుగురూ ఏమంటారో?

నలుగురూ అనేది అంటారు. మేం మొదటిసారి అమ్మాయిల కబడ్డీ జట్టు కట్టినప్పుడు నిక్కరు వేసుకుంటేనే ఆటా అని ఊరంతా అడిగారు. ట్రాక్ ప్యాంటుతో ఆడించాం. జట్టు మండలం దాటి గెలిచి వచ్చాక అడిగినవాళ్ళే బస్సు దగ్గరికి వచ్చారు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి వందో పతకం తెచ్చింది అమ్మాయిల కబడ్డీ జట్టే, అదీ 2023 అక్టోబరు 7న, సాత్విక్ జంట బంగారం గెలిచిన రోజునే. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌ని మన అమ్మాయిలూ, అబ్బాయిలూ ఇద్దరూ గెలిచారు. 2023 ఫిబ్రవరిలో జాతీయ సీనియర్ మహిళల హాకీ పోటీలు మన కాకినాడలోనే జరిగాయి. మీ అమ్మాయి కొత్తగా తొక్కుతున్న దారేం కాదిది.

నెలసరి రోజుల్లో ఆడొచ్చా అని అమ్మలు గుసగుసగా అడుగుతారు. ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, హాని లేదు. చాలామందికి కదలిక వల్ల కడుపునొప్పి కూడా తగ్గుతుంది. బాగోలేదంటే ఆ రోజు కూర్చోనివ్వాలి, కారణం చెప్పమని నిలదీయకూడదు. ఆడితే గర్భసంచి జారుతుందనే మాటకి ఏ ఆధారమూ లేదు. బాగా ఆడే అమ్మాయికి నెలల తరబడి నెలసరి ఆగిపోతే మాత్రం తిండి చాలడం లేదని గుర్తు, డాక్టరుకి చూపించాలి.

రక్తహీనత అసలు సమస్య. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువ. పరిగెత్తితే త్వరగా ఆయాసపడే పిల్లని బద్ధకస్తురాలనేస్తాం. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర పారేయకుండా భోజనం తర్వాత వేసుకోమనండి, టీతో మాత్రం వద్దు.

చీకటి పడకముందే ప్రాక్టీసు ముగిసేలా, నలుగురైదుగురు అమ్మాయిలు కలిసి వచ్చి వెళ్ళేలా చూసుకోండి. బాత్రూము లేని గ్రౌండులో అమ్మాయిలు దాహమేసినా నీళ్ళు తాగరు. అది మనం సరిచెయ్యాల్సిన లోపం, వాళ్ళది కాదు.

కోచ్ మంచివాడో కాదో ఎలా తెలుస్తుంది?

మీరు గ్రౌండుకి వస్తే సంతోషించేవాడు మంచి కోచ్. తల్లిదండ్రులు రాకూడదు అనేవాడి దగ్గర పిల్లని ఉంచకండి. ఒంటరిగా గదిలోకి పిలవడం, రాత్రిపూట విడిగా మెసేజులు పెట్టడం, మసాజ్ పేరుతో ముట్టుకోవడం, ఇంట్లో చెప్పొద్దనడం, వీటిలో ఒక్కటి కనిపించినా చాలు, ఇంకేం ఆలోచించకుండా పిల్లని అక్కడ మాన్పించండి. మగపిల్లల విషయంలోనూ అంతే. బయటి ఊరి పోటీలకి అమ్మాయిల జట్టు వెళ్తే ఒక ఆడ టీచరైనా, తల్లైనా వెంట ఉండాల్సిందే. చిన్నారుల సహాయానికి 1098 నంబరుంది, పిల్లల మీద లైంగిక నేరాలకి శిక్ష వేసే 2012 నాటి పోక్సో చట్టముంది. పిల్లలు చెప్పిన మాట ముందు నమ్మండి, తర్వాత విచారించండి.

కొట్టే కోచ్‌ల గురించి: నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో బెత్తం లేని డ్రిల్లు మాస్టారు లేడు, నేనూ వాడాను. అది తప్పు. భయంతో పరిగెత్తిన పిల్లలు హైస్కూలు దాటగానే ఆట వదిలేశారు.

ఎవరెవరి పిల్లలతోనో కలిసి ఆడాల్సి వస్తుంది కదా?

ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు, మాట తిప్పి అడుగుతారు. అవును, కలిసే ఆడాలి. మన ఊళ్ళలో పేటకో గుడి, పేటకో రామకోటి, పేటకో క్రికెట్ జట్టు. బడి జట్టులో ఆ గీతలుండవు, ఉండకూడదు. కబడ్డీలో పట్టు వెయ్యాలంటే పక్కవాడి చెయ్యి పట్టుకుని గొలుసు కట్టాలి. టోర్నమెంటుకి వెళ్తే ఒకే గదిలో పడుకోవాలి, ఒకే బాటిల్లో నీళ్ళు తాగాలి. ఆ పిల్లలు పెద్దయ్యాక ఊళ్ళో ఏదైనా గొడవ లేస్తే ఒకరికొకరు ఫోను చేసుకోవడం నేను కళ్ళారా చూశాను. దయచేసి పేటల వారీగా జట్లు కట్టకండి.

మా ఊళ్ళో గ్రౌండే లేదు. ఎక్కడ ఆడాలి?

డెల్టాలో ఇది నిజమైన కష్టం. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు అందే ప్రతి సెంటూ పంటకే. నా చిన్నప్పుడు దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, కాలవలు కట్టేసిన రోజుల్లో, మోళ్ళు తొక్కి చదును చేసి చేలోనే పిచ్ వేసుకునేవాళ్ళం. జూన్‌లో కాలవకి నీళ్ళు వదిలే దాకా అదే మా స్టేడియం. ఇప్పుడు భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఆ చేలన్నీ చేపల చెరువులు, రొయ్యల చెరువులయ్యాయి. ఏడాది పొడుగునా నీళ్ళే. పిల్లలు రోడ్డు మీద ఆడుతున్నారు, లారీలు పోతున్నాయి.

అయినా దారులున్నాయి. కబడ్డీకి పెద్దలకైనా 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చాలు, అమ్మాయిలకి 12 మీటర్లు, 8 మీటర్లు. కొబ్బరి తోటలో చెట్లు ఎడంగా ఉన్న వైపు ఆ చోటు దొరకొచ్చు. అయితే కింద ఆడేటప్పుడు దింపు తీయించిన చెట్లయి ఉండాలి, ఎండు మట్టలు, కాయలు ముందే దింపించాలి. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. వల, బంతి ఉంటే రెండు కొబ్బరి చెట్లే స్తంభాలు. మట్టి గట్టిగా ఉంటే రెండు ట్రాక్టర్ల ఇసుక పోయించండి, మోకాళ్ళు మిగులుతాయి.

బడి గ్రౌండుని సాయంత్రం ఐదు తర్వాత తెరిచి ఉంచమని స్కూలు కమిటీలో తీర్మానం చేయించండి. తాళం ఎవరి దగ్గరుంటుంది, లైటు ఎవరు ఆర్పుతారు అన్నది కాగితం మీద రాస్తే హెడ్మాస్టర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. ఒక ఊళ్ళో గ్రౌండులో సగం దూరం ధాన్యం ఆరబోసేవాళ్ళు. వాళ్ళతో మాట్లాడి కోతల పది రోజులూ పిల్లలే ఆట ఆపి, బస్తాలెత్తడానికి సాయపడ్డారు. మిగతా ఏడాది గ్రౌండు జోలికి ఎవరూ రాలేదు.

ఎండాకాలం, వానాకాలం ఎలా?

మన ఎండ రాయలసీమ ఎండ కాదు. ఉక్క ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అందుకే డిగ్రీలు తక్కువ చూపించినా దెబ్బ తగులుతుంది. ఏప్రిల్ మే నెలల్లో పొద్దున ఏడున్నరలోపు, సాయంత్రం ఐదున్నర తర్వాతే ఆడించండి. సెలవుల శిబిరంలో మొదటి వారం పది రోజులు మెల్లిగా పెంచుకుంటూ వెళ్ళాలి, ఒళ్ళు వేడికి అలవాటు పడడానికి అంత టైము కావాలి. ప్రతి పావుగంటకీ నీళ్ళు, దాహం వేసినా వెయ్యకపోయినా. మజ్జిగలో ఉప్పు, లేదా కొబ్బరి బొండం.

పిల్లాడు తడబడుతూ మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా, పడిపోయినా అది వడదెబ్బ. వెంటనే నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. 108కి ఫోను చెయ్యండి. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకండి.

వానాకాలంలో ఉరుము వినపడితే ఆట ఆపెయ్యాలి. చెట్టు కింద నిలబడకూడదు.

గోదారి ఒడ్డునే ఉంటాం. ఈత నేర్పించాలా?

తప్పకుండా. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలతాను. ప్రతి వేసవిలో, ప్రతి శివరాత్రికీ ఏదో ఒక రేవులో పిల్లలు పోతూనే ఉన్నారు. నీళ్ళ మధ్య పుట్టి ఈత రాకుండా పెరగడం మన నిర్లక్ష్యం. కానీ నేర్పించేది పెద్దవాళ్ళ పర్యవేక్షణలో, అంచు కనపడే కొలనులోనో, పారుదల లేని చెరువులోనో. గోదారి పాయలో ఇసుక తవ్విన గోతులుంటాయి. మోకాలి లోతు అనుకున్నచోట పక్క అడుగులో తలమునక. కాలవలో లాకుల దగ్గర నీరు పైకి నెమ్మదిగా కనపడి కింద లాగేస్తుంది.

మునుగుతున్నవాణ్ణి కాపాడాలని దూకి ఇద్దరూ పోవడం మన దగ్గర మళ్ళీమళ్ళీ జరుగుతుంది. వెదురు కర్ర, తాడు, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏదో ఒకటి విసరాలి, కేక వెయ్యాలి. ఈతతో పాటు ఇదీ నేర్పండి. ఆత్రేయపురం వైపు సంక్రాంతికి పడవ పందేలు పెడుతున్నారు. తెడ్డు పట్టే పిల్లలకి లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కనివ్వకండి.

దెబ్బలు తగిలితే?

తగులుతాయి. గీరుకుపోతే సబ్బు నీళ్ళతో కడిగి, ధనుర్వాతం ఇంజక్షను వేయించి ఎన్నాళ్ళయిందో చూసుకోండి. మడమ బెణికితే గుడ్డలో ఐసు చుట్టి పెట్టడం, గుడ్డ కట్టు, కాలు ఎత్తుగా పెట్టడం. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే. నాటు కట్టు వేయించి మూడు వారాల తర్వాత వంకర ఎముకతో వచ్చిన పిల్లాణ్ణి చూశాను, మళ్ళీ విరిచి సరిచెయ్యాల్సి వచ్చింది.

తలకి దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి అయినా, ఏం జరిగిందో గుర్తులేకపోయినా ఆ రోజు మళ్ళీ ఆటలోకి దింపకూడదు. ఫైనల్ అయినా సరే. డాక్టరు చూడాల్సిందే. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద బుడిపెలా వచ్చి నొప్పి పుడితే కంగారు పడకండి. ఎగురుళ్ళు కొన్నాళ్ళు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఏం పెట్టాలి? ప్రొటీన్ పొడి కొనమంటున్నాడు.

కొనకండి. మన ఇంట్లో ఉన్నవే చాలు. పొద్దున పెరుగు కలిపిన చద్దన్నం, ఉల్లిపాయ. ఆటకి గంట ముందు అరటిపండు, రావులపాలెం మార్కెట్ పక్కన పెట్టుకుని ఇంకేం కావాలి? ఆట అయ్యాక ఉడికించిన గుడ్డు, వేరుశనగ చిక్కీ. వారానికి రెండుసార్లు చేపలు, పప్పులో మునగాకు. పొడి డబ్బాల్లో ఏం కలిపారో అన్నిసార్లూ తెలియదు. పై స్థాయి పోటీల్లో డోపింగ్ పరీక్షలో దొరికితే తెలియక వేసుకున్నానంటే వదలరు.

సంక్రాంతి టోర్నమెంట్లకి పంపవచ్చా?

ఊళ్ళో పండక్కి కబడ్డీ, వాలీబాల్ పెట్టడం మంచి ఆనవాయితీ. కోడిపందేల బరుల చుట్టూ తిరిగే కుర్రాళ్ళు కోర్టు చుట్టూ తిరిగితే అంతకంటే ఏం కావాలి? రెండు జాగ్రత్తలు. ప్రైజుమనీ మీద పక్క పందేలు కట్టే చోట పద్దెనిమిది లోపు పిల్లల్ని ఆడించకండి. డబ్బు పోగొట్టుకున్నవాడి కోపం పిల్లాడి మీద పడుతుంది. రెండోది వయసు దొంగతనం. అండర్ 14లో ఆడించడానికి పదహారేళ్ళవాడికి పుట్టిన తేదీ మార్పించే పెద్దలున్నారు. ఎదురుగా ఉన్న నిజమైన పదమూడేళ్ళ పిల్లాడికి అది దెబ్బ, మార్పించిన పిల్లాడికి జీవితమంతా మెడ మీద కత్తి. క్రికెట్‌లో ఎముక ఎక్స్‌రేతో వయసు తేలుస్తున్నారు.

ఆడితే ఉద్యోగం వస్తుందా?

కొందరికి వస్తుంది. రైల్వే, పోలీసు, తపాలా, బ్యాంకుల్లో క్రీడల కోటా నియామకాలున్నాయి. మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. బడి పోటీలు అండర్ 14, 17, 19 విభాగాల్లో మండలం నుంచి జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి దాకా వెళ్తాయి. కోటాకి పనికొచ్చే సర్టిఫికెట్టు గుర్తింపు ఉన్న సంఘం పోటీలదే అయి ఉండాలి. డబ్బు కడితే చాలు "జాతీయ స్థాయి" సర్టిఫికెట్టు ఇచ్చే పోటీలు పుట్టుకొచ్చాయి. ఊరు కాని ఊరు తీసుకెళ్ళి ఇచ్చిన ఆ కాగితం పనికిరాదని నాలుగేళ్ళ తర్వాత తెలుసుకుని ఏడ్చిన కుటుంబం నాకు తెలుసు. డబ్బు కట్టే ముందు జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడగండి.

నిజంగా ప్రతిభ ఉన్న చిన్నపిల్లలకి కడప క్రీడా పాఠశాలలో నాలుగో తరగతిలో ప్రవేశాలుంటాయి. అంత చిన్న వయసులో ఇల్లు వదిలి ఉండగలరా అన్నది పిల్లనే అడగాలి.

ఉద్యోగమొక్కటే లెక్కయితే పంపకండి. నా దగ్గర ఆడినవాళ్ళలో ఎక్కువమంది రైతులు, నర్సులు, డ్రైవర్లు, టీచర్లు, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు. ఆటతో జీతం తెచ్చుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కువైట్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు బూట్లు కట్టుకుని గ్రౌండుకొచ్చేవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టలేను.

మా అబ్బాయికి ఒక కాలు సరిగ్గా లేదు. వాడికీ చోటుంటుందా?

ఉంటుంది, ఉండాలి. కూర్చుని ఆడే వాలీబాల్ ఉంది, పారా అథ్లెటిక్స్‌లో విసిరే పోటీలున్నాయి, వినపడని పిల్లలకి వేరే పోటీలున్నాయి. స్కోరు రాయడం దగ్గర కూర్చోబెట్టి సరిపెట్టకండి. మా దగ్గర ఒకడు చేతులతో పాకుతూ కోర్టులోకి వచ్చి, కూర్చునే వాలీబాల్ సర్వీసు చేసేవాడు, ఆ సర్వీసు తియ్యడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

సరే మాస్టారూ, రేపు పంపుతాం. ఏం తేవాలి?

పాత టీ షర్టు, నిక్కరో ట్రాక్ ప్యాంటో, నీళ్ళ బాటిలు. బూట్లు లేకపోతే ఉత్తి కాళ్ళతో రండి, కబడ్డీకి అవే మేలు, మేం గాజుపెంకులు ఏరిపెడతాం. గోళ్ళు కత్తిరించండి. చెవిపోగులు, గొలుసులు ఇంట్లో ఉంచండి. ఉబ్బసమో, ఫిట్సో ఉంటే ఆ మందు, మీ ఫోను నంబరు కాగితం మీద రాసి సంచిలో పెట్టండి. మొదటి రోజు మీరూ వచ్చి ఒక పావుగంట నిలబడండి. సాయంత్రం ఐదుకి.